పాలపండ్లే గదా!



గడచిన మాసమున పిల్లల నిద్రను గూర్చి వ్రాయుచు, పాలసీసా నోట నుంచి బిడ్డను పండుకొనబెట్టు అలవాటు మంచిది కాదని ఒక్క వాక్యము వ్రాసి ముందునకు సాగిపోయితిమి. కారణము చెప్పకపోతిమి. అది మా పొరపాటు. ఆ వాక్యమును పట్టుకొని ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. పేరును ఊరును ప్రకటింపవలదని కోరినందున వానిని విడిచి విషయము మాత్రము చెప్పెదము.

ఆమె బిడ్డకు 22 నెలలు. పై వరుసయందలి నాలుగు ముందరి పండ్లు చిగురు ప్రక్కన మొదట సున్నపు గీతవలె తెల్లబడి, పిదప గోధుమవన్నె తిరిగి, ఇప్పుడొక పన్ను అంచు విరిగినదట. "నీ పాలు పడక పండ్లు చెడినవి, పాలు మాన్పించు" మని అత్తగారి మాట. "పాలపండ్లే గదా, ఊడి మరల వచ్చును" అని మగని మాట. బిడ్డ రాత్రులందు రొమ్ము విడువదు; పగలు సీసాపాలలో చెంచెడు పంచదార వేయనిదే త్రాగదు. "ఎవరి మాట వినవలెనో తెలియక మీకు వ్రాయుచున్నాను" అని జాబు ముగించినది.

ఈ జాబునకు బదులు వ్రాయుటకు మాకు కొంత అర్హత కలదు. అది మా పెద్దమ్మాయి నోటివలన వచ్చిన అర్హత.

ఆ పిల్ల కడుపున నున్నప్పుడు అయిదవ నెలలో మాకు క్రింది దౌడపన్ను పోటు మొదలైనది. అది అప్పటికి రెండేండ్లుగా పిప్పిపట్టి యున్న పన్నే. కడుపుతో నున్న ఆడుది పన్ను తీయించుకొనరాదనియు, మత్తుసూది బిడ్డకు తగులుననియు ఇంటి పెద్దలు గట్టిగా చెప్పిరి. మేమును ఎదురాడక, పంటిక్రింద లవంగము నొక్కిపట్టి, ఉప్పునీళ్ళు పుక్కిలించి, ఒక ప్రక్కనే నమలుచు నాలుగు నెలలు నెట్టుకొని వచ్చితిమి. తొమ్మిదవ నెలలో చెంప వాచి జ్వరము తగిలినది. పురిటికి పుట్టింటికి పోవుట ఆ వాపుతోనే. ప్రసవమై మూడు నెలలు గడచిన పిమ్మట గాని ఆ పన్ను తీయించుకొనలేదు.

తరువాత మేము చేసినవన్నియు ప్రేమచేతనే చేసితిమి. పాలు చప్పగా నున్నవని పంచదార కలిపితిమి. రాత్రి లేచి యేడ్చిన సీసా నోటికందించి మేమును కన్నుమూసితిమి. గోరుముద్ద వేడిగా నున్నదేమో యని పెదవికి తాకించి, కారము తగిలినచో మేము చప్పరించి, పిమ్మట బిడ్డ నోట బెట్టితిమి. ఏడాది నిండినది మొదలు వచ్చినవారందరు ఒక బిస్కత్తో చాకలెట్టో చేతబెట్టుచుండగా చూచి మురిసితిమి. మూడవ యేట పై పండ్లు నాలుగును అరిగి నల్లని మోడులైనవి. అప్పుడును "పాలపండ్లే గదా" యనుకొంటిమి. నాలుగవ యేట నొక రాత్రి పిల్ల చెంప పొంగి, జ్వరము 103 డిగ్రీలు చూపినది. రెండు దినములు మంచినీరు తప్ప మరి యేమియు ముట్టలేదు. పట్టణమునకు గొనిపోగా దంతవైద్యురాలు రెండు దౌడపండ్లు తీయవలెననెను. ఆమె మమ్ము నిందింపలేదు. పిల్లపని ముగిసిన పిదప మా వంక తిరిగి, "ఇక మీరు కూర్చుండుడమ్మా, మీ నోరు చూడవలెను" అనెను. మా నోట మూడు పిప్పిపండ్లుండెను.

మరుసటి యేడు బడిలో పిల్లలనందరిని వరుసగా నిలిపి ఛాయాచిత్రము తీసిరి. మా అమ్మాయి చేతితో నోరు మూసికొని నిలిచినది. ఆ చిత్రము మా గోడమీద నేటికిని కలదు; తీసివేయుదమని మావారన్నను మేమే వలదంటిమి.

ఇక విషయమునకు వత్తము. మన పెద్దలు దీనిని పంటిపురుగనిరి. సుశ్రుతసంహిత నిదానస్థానమున చెప్పిన దంతరోగములలో క్రిమిదంతమొకటి. పన్ను నల్లబడుట, తొలిచిపోవుట, కదలుట, వాచుట, పట్టరాని పోటు పుట్టుట యను దాని లక్షణములు నేడు చదివినను మా పిల్ల నోటిని చూచి వ్రాసినట్లే యున్నవి. పురుగన్న మాట మనదే కాదు, ఐరోపా ఖండమువారును చాలకాలము అట్లే తలచిరి. 1728 లో ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు పియేర్ ఫోషార్ తన గ్రంథమున ఆ మాట నమ్మదగినది కాదని వ్రాసెను. 1890 లో, బెర్లిను నగరమున పనిచేయుచుండిన అమెరికా దేశస్థుడు విలోబీ మిల్లర్, నోటియందలి సూక్ష్మజీవులు మనము తిన్న తీపిని పిండిని పులియబెట్టి ఆమ్లము పుట్టించుననియు, ఆ ఆమ్లమే పన్నును కరగించుననియు తెలిపెను. 1924 లో లండనులో క్లార్క్ అను నాయన పిప్పిపండ్లనుండి ఒక జీవిని వేరుచేసి దానికి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అని పేరుపెట్టెను. నేలవాకుడు గింజల పొగ పట్టించి పురుగులను రాల్చెదమనువారు ఇప్పటికిని సంతలలో కానవత్తురు. పంటిలో కంటికి కనబడు పురుగు లేదు. వారికిచ్చు రూపాయలు దండుగ.

రాత్రి రుబ్బిన దోసెపిండి తెల్లవారుసరికి పులియుట మనమెరుగనిది కాదు. నోటిలోను అదియే జరుగును, అయితే రాత్రియంతయు పట్టదు, కొన్ని నిమిషములు చాలును. పన్నుపై నుండు పింగాణి పొర ఎముకకన్నను గట్టిది. అయినను పులుపు ఒక మేరను మించినప్పుడు అందలి సున్నపుదినుసు కరగి జారిపోవును. మన నోటియందలి లాలాజలము ఆ పులుపును విరిచి, పోయిన సున్నమును మరల పంటికి చేర్చును. భగవంతుడిచ్చిన ఈ మరమ్మతుపని దినమెల్ల జరుగుచునే యుండును. కాని దానికి వ్యవధి కావలెను. అమెరికాలో రాబర్ట్ స్టెఫాన్ 1940వ దశకమున పండ్లపై పాచిలోని పులుపును కొలిచి చూడగా, తీపి తగిలిన కొలది నిమిషములలోనే అది హెచ్చి, మరల శాంతించుటకు అరగంటనుండి గంటవరకు పట్టుచుండెను. ఒక చాకలెట్టు తిన్నను అంతే, పది తిన్నను ఇంచుమించు అంతే. పది చాకలెట్లు ఒక్కమారు తిన్న పిల్లకన్న, ఒక్కదానిని పది ముక్కలుచేసి దినమెల్ల చప్పరించిన పిల్ల పండ్లకే కీడెక్కువ. (కడుపు సంగతి వేరు, పదియు పెట్టుడని మేము చెప్పుట లేదు.)

స్వీడను దేశమున వీపెహోల్మ్ అను చోట బుద్ధిమాంద్యము గలవారిని ఉంచు ఆస్పత్రి యొకటి యుండెను. అచట 1940వ దశకమున మొదలిడి, కొందరికి తీపి భోజనముతో మాత్రమును, కొందరికి నడుమనడుమ పంటికి అంటుకొను మిఠాయిలును ఇచ్చి పరీక్షించిరి. నడుమ తిన్నవారి పండ్లు విపరీతముగా చెడినవి. అడిగి సమ్మతి చెప్పజాలని వారి నోళ్ళను కావలెనని పాడుచేసి నేర్చిన పాఠమది. దానిని తలచినపుడెల్ల మాకు మనసు చివుక్కుమనును. అంత ఖరీదు పెట్టి నేర్చిన దానిని మనము వాడుకొనకపోవుట మాత్రము ఇంకను తప్పు. కావున పండుగనాటి బూరెలు, పరమాన్నము విస్తరిలో పెట్టుడు, పిల్లలను తిననిండు. భోజనమునకు భోజనమునకు నడుమ మాత్రము ఆకలియైనచో జామకాయముక్క, కొబ్బరిముక్క, దోసకాయ, మజ్జిగ, వేయించిన శనగలు పెట్టవచ్చును. శనగలు, వేరుసెనగలు మొదలైన గట్టిగింజలు నాలుగేండ్లు నిండని వారికి వలదు, గొంతున అడ్డుపడును. బెల్లము ఆరోగ్యమని పప్పుచెక్కలు, నువ్వుండలు జేబునిండ పోయు తల్లులున్నారు. బెల్లమున ఇనుము కొంత కలదు, నిజమే. పంటిమీది సూక్ష్మజీవికి మాత్రము బెల్లము, పంచదార, తేనె, కలకండ అను భేదము లేదు. తేనె ఏడాది నిండని బిడ్డకు నాకించుటయే ప్రమాదము, అది వేరొక కారణము. ఇంకొక మాసమున వ్రాసెదము. మరి దగ్గుమందులును తియ్యనివే. నిద్రకు ముందు పోసినచో పిమ్మట పండ్లు తుడువవలెను.

నిద్రలో లాలాజలము ఊరుట మిక్కిలి తగ్గును. పాలసీసా నోట నున్న బిడ్డ నిద్రపోగా, ఆ పాలు పై పండ్ల వెనుకను ముందును నిలిచిపోవును. క్రింది ముందరి పండ్లకు నాలుక అడ్డముండును, ఉమ్మియూరు చోటును అక్కడనే. అందుచేత అవి మిగిలి, పైవి నాలుగే మొదట చెడును. జాబు వ్రాసిన సోదరి చెప్పిన గురుతులు సరిగా ఇవియే.

తల్లి నోటి సంగతి కొంత విరివిగా చెప్పవలెను. పుట్టిన బిడ్డ నోట ఈ పిప్పిపురుగు లేదు. అది ఒకరి ఉమ్మినుండి వచ్చి చేరవలసినదే, ఎక్కువగా తల్లినుండియే వచ్చును. ఎంగిలి తప్పని మన పెద్దలు ఊరకనే చెప్పలేదు. కాని పసిబిడ్డ దగ్గరకు వచ్చుసరికి ప్రేమ ఆ నియమమును సడలించినది. చెంచాతో రుచిచూచి అదే చెంచాతో పెట్టుట, నమిలి పెట్టుట, నేలబడిన పాలపీకను తన నోట శుభ్రపరచి యిచ్చుట మానుట మేలు. అయినను ఒక్క యింటిలో నుండి ముద్దు పెట్టుకొనక యుండుట యెవరి తరము? ఉండనక్కరలేదు కూడ. తల్లి నోట పిప్పిపండ్లు బాగుచేయించుకొన్నచో ఆ జీవుల సంఖ్యయే తగ్గును, బిడ్డకు చేరునవియు తగ్గును. బిడ్డ పుట్టకముందే ఈ పని చేయించుకొన్నవారు బుద్ధిమంతురాండ్రు. మేము కాకపోతిమి.

గర్భిణులకు వైద్యము కూడదన్న మాట పట్టి చాలమంది మావలెనే బాధపడుచున్నారు. పన్ను నింపుట, తీయుట, దానికి వలయు మత్తుసూది గర్భిణులకు చేయదగినవే; నాలుగవ నెల మొదలు ఆరవ నెలవరకు సుఖముగా కూర్చుండ వీలగును గనుక ఆ కాలము మంచిది. చీము పట్టి వాపు వచ్చినచో ఏ నెలయని చూడరాదు. గర్భవతినని వైద్యునితో ముందుగా చెప్పవలెను; టెట్రాసైక్లిన్ జాతి మందులు కడుపులోని బిడ్డ పండ్లకు మచ్చ తెచ్చును గనుక వానిని విడిచి వేరొకటి యిత్తురు. వేవిళ్ళలో వాంతియైన వెంటనే పండ్లు తోమరాదు. కడుపులోని పులుపుచేత పైపొర మెత్తబడి యుండును. చిటికెడు వంటసోడా వేసిన నీటితో పుక్కిలించి, అరగంట తాళి తోముకొనవలెను. చింతకాయ, మామిడికాయ దినమెల్ల బుగ్గన బెట్టుకొనుటయు పంటికి మంచిది కాదు. చిగుళ్ళు వాచి నెత్తురు వచ్చుచున్నదని తోముట మానువారు కలరు. అది గర్భకాలపు మార్పులచేత హెచ్చిన వాపు. మెత్తని కుంచెతో తోమినచోనే తగ్గును. కడుపులోని బిడ్డ తల్లి పండ్లనుండి సున్నమును లాగికొనునను మాట నిజము కాదు. తెలుగున పన్ననగా కప్పమనియు అర్థము గలదు గాని, కాన్పునకొక పన్ను చెల్లింపవలెనని యే శాసనమును లేదు.

పొగాకు కలిసిన పండ్లపొడిని నోటికి తగిలించుకొని పనిచేసికొను సోదరీమణులను మేమెరుగుదుము. పోటు తెలియకుండ చేయుటవలన అది మేలు చేసినట్లు తోచును. నోటిపుండ్లకును కేన్సరునకును దారితీయును. గర్భిణులకు మరింత కీడు.

ఇక తోముట. సుశ్రుతుడు చేదులలో వేపపుల్ల, వగరులలో చండ్రపుల్ల, కారములలో కానుగపుల్ల మేలైనవని చెప్పెను. మా మామగారు కడపటివరకు వేపపుల్లయే వాడిరి, డెబ్బదియవ యేట చెరకు కొరికిరి. కాని ఆయన బాల్యమున చాకలెట్లు లేవు. నేటి పిల్లల నోటికి ఫ్లోరైడు గల దంతపుముద్ద కావలెను. అది కరగుచున్న పొరను మరల గట్టిపరచును. మొదటి పన్ను వచ్చిననాడే మొదలు పెట్టి దినమునకు రెండుమార్లు తోమవలెను. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆ పిమ్మట ఆరేండ్లవరకు బఠాణీగింజంత చాలును. కుంచె నిండ పూయుట ప్రకటనల చిత్రములలో మాత్రమే. తోమిన పిదప ఉమ్మివేయవలెను, నీటితో గట్టిగా పుక్కిలించి పోగొట్టరాదు. రాత్రి తోమిన తరువాత మంచినీరు తప్ప మరేమియు నోట పడరాదు. ఏడెనిమిదేండ్లు వచ్చువరకు పిల్లలు స్వయముగా సరిగా తోముకొనలేరు. తల్లియో తండ్రియో తోమవలెను. మా యింట రాత్రి పూట ఈ పని మావారిది. బడిపంతులు గనుక పిల్లలు కదలక కూర్చుందురు.

నల్లగొండ ప్రాంతపువారును, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములవారును ఫ్లోరైడన్న మాట వినగనే ఉలికిపడుదురు. 1937 లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో నున్న ఆ తాలూకాలలో నీటిలోని ఫ్లోరైడుచేత ఎముకలు బిగిసిపోవు రోగమును వైద్యులు గుర్తించి ప్రకటించిరి. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించినచో ఆ నీరు త్రాగరానిది. తెలంగాణమున 2016 లో ఆరంభమైన మిషన్ భగీరథ నదీజలమును ఇండ్లకు తెచ్చుట ఇట్టి యూళ్ళకు గొప్ప యుపకారము. బావినీరే త్రాగు చోట్లనున్నవారు పిల్లల దంతపుముద్దను గూర్చి వైద్యుని నడిగి నడచుకొనుడు. ఆ బియ్యపుగింజ కొలత దాటనీయకుడు.

"పాలపండ్లే గదా" యను మాటకు ఇప్పుడు బదులు చెప్పెదము. పాలపండ్లు 20. వాని పైపొర పెద్దపండ్ల పొరలో సుమారు సగము మందమే, కనుక త్వరగా తొలుచును. వెనుకటి పాలదౌడలు పది పండ్రెండేండ్లవరకు ఉండవలసినవి. అవి ముందుగా పోయినచో ప్రక్కపండ్లు ఒరిగి, రాబోవు పన్నునకు చోటు లేక వంకరగా మొలచును. మా అమ్మాయికి అట్లే జరిగినది. చీము దిగినచో లోపల తయారగుచున్న పెద్దపన్నునకే మచ్చ తగులును. నొప్పిచేత పిల్ల సరిగా తినదు, నిద్రింపదు, బరువు పెరుగదు, బడికి పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2022 లో వెలువరించిన నివేదికలో పాలపండ్లు చెడిన పిల్లలు 51 కోట్లకు పైగా నున్నట్లు లెక్క చూపిరి. మరియొక్క సంగతి: ఆరవ యేట, పాలపండ్లేవియు ఊడకుండగనే, అన్నిటికి వెనుక ఒక్కొక్క దౌడపన్ను నిశ్శబ్దముగా మొలచును. తల్లులు దానిని కూడ పాలపన్నే యనుకొని చెడనిత్తురు. అది జన్మాంతము ఉండవలసినది, మరల రాదు.

సోదరీ, నీ పాలవలన నీ బిడ్డ పండ్లు చెడలేదు. ఏడాదిలోపు తల్లిపాలు పండ్లకు రక్షయే. ఏడాది దాటినవెనుక రాత్రియెల్ల రొమ్ము నోటనుంచుకొని నిద్రించుటవలనను, పండ్లు తుడువకపోవుటవలనను, పగటి పంచదారపాలు తోడగుటవలనను కీడు హెచ్చినది. పాలు మాన్పింపకుము, రెండేండ్లవరకును, ఆపైనను ఈయవచ్చునని వైద్యులే చెప్పుచున్నారు. పడుకొనబోవుముందు పాలిచ్చి, పండ్లు తోమి, పిదప నిద్రపుచ్చుము. రాత్రి లేచినపుడు మెల్లమెల్లగా మంచినీటికి అలవాటు చేయుము. సీసాపాలలో పంచదారను దినమునకు కొంచెము కొంచెముగా తగ్గించి పది దినములలో మాన్పుము, సీసాను విడిచి గిన్నెకు మార్చుము. అత్తగారితో వాదమునకు దిగక, ఆమెను కూడ వైద్యునియొద్దకు తోడుగా పిలిచికొని పొమ్ము; మా యింట అది పనిచేసినది.

ఈ వారములోనే పొమ్ము. తెల్లగీత దశలో నున్న పండ్లు ఫ్లోరైడు పూతతో ఇంకను కోలుకొనవచ్చును. గోధుమరంగు తిరిగిన వానికి సిల్వర్ డయమిన్ ఫ్లోరైడు అను ద్రవమును మరచక్రము తగిలింపకయే, సూది లేకయే పూసి, చెడుటను నిలుపవచ్చును. 2021 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని అవసరౌషధముల పట్టికలో చేర్చినది. పూసినచోట పన్ను నల్లబడును, మరల తెల్లబడదు. ముందే తెలిసికొని సమ్మతింపుము. మా రెండవవానికి ఒక దౌడపన్నునకు అట్లు పూయించితిమి. నల్లగానే యున్నది. వాడు దానితోనే చేగోడీలు నమలుచున్నాడు.

వైద్యుడేమనెనో మాకొక కార్డు వ్రాయుము. నీ నోరును చూపించుకొంటివా లేదా యనునది కూడ అందులో వ్రాయవలెను.